కాలువలు వెడల్పు చేస్తే విజయవాడకి ముంపు తప్పుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌లో అద్దెకుంటూ ఇంట్లోకి నడుంలోతు నీళ్ళు చూశారు. ఇప్పుడు నున్న వైపు ఒక వెంచర్‌లో ప్లాటు చూపించి "నాలుగడుగులు మెరక తోలాం, బుడమేరు వాగు కూడా వెడల్పు చేస్తున్నారు, ఇక భయం లేదు" అంటున్నారు. అది నమ్మొచ్చా, అసలు ఊరికి ముంపు తప్పాలంటే కాలువలు పెద్దవి చేస్తే చాలా అని అడిగారు.

చాలదు. కాలువ పని అవసరమే, వద్దనేవాడు ఎవడూ లేడు. కానీ వాన నీరు ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగిందో, ఎటు పారిందో ఆ నేలని ప్లాన్‌లో నీళ్ళ కోసం వదిలిపెట్టకుండా కాలువ ఎంత వెడల్పు చేసినా మళ్ళీ పదేళ్ళకి ఇదే కథ. ఒక కాలనీ మునుగుతుందా లేదా అన్నది వాన పడిన రోజు కాదు, ఆ పొలం మ్యాపులో ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకి మారిన రోజే సగం తేలిపోతుంది. ఆకుపచ్చంటే వ్యవసాయం, పసుపంటే ఇళ్ళు. నేను డ్రైనేజీ, లేఔట్ పనుల్లో 30 ఏళ్ళు తిరిగాను. ఈ ముక్క మొదటి పదేళ్ళలో నాకూ తెలియదు.

ముందు 2024లో ఏం జరిగిందో సరిగ్గా చూద్దాం, ఎందుకంటే చాలామంది "కృష్ణ పొంగింది, ఊరు మునిగింది" అనుకుంటున్నారు. కృష్ణ పొంగిన మాట నిజమే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, 2009 అక్టోబరు వరద రికార్డు కూడా చెరిగిపోయింది. అయినా ఒకప్పుడు ప్రతి వరదకీ ఖాళీ చేయించే కృష్ణలంక ఆ రోజు నిలబడింది, రిటైనింగ్ వాల్ పుణ్యమా అని. మునిగింది ఊరికి అవతలి వైపు, సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక. అది బుడమేరు నీరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరి ఉత్తరం పక్కగా పాక్కుంటూ కొల్లేటికి పోయే వాగు అది. దాన్ని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్‌తో ఆపి డైవర్షన్ ఛానల్ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆ ఛానల్ సుమారు 15 వేల క్యూసెక్కులకి కట్టింది. ఆ రోజు వచ్చింది దానికి రెట్టింపు పైనే. పైగా కృష్ణే నిండుగా ఉంటే ఈ నీటిని అది తీసుకోదు, వెనక్కి నెడుతుంది. కొండపల్లి శాంతినగర్ దగ్గర గట్టుకి గండ్లు పడ్డాయి, రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు, నీరు తన పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. ఆ పాత దారిలో ఏముంది? మనం ఉన్నాం.

ఊళ్ళోకి వచ్చే నీరు మూడు రకాలు. మూడింటికీ ఒకే మందు లేదు. ఒకటి నది నీరు, దానికి గోడ, కరకట్ట కొంత పనిచేస్తాయి. రెండోది బుడమేరు లాంటి బయటి వాగు, దానికి కాలువ వెడల్పు, డైవర్షన్, వాగు పక్కన ఖాళీ నేల, మూడూ కావాలి. మూడోది మన నెత్తిన పడే వాన, దానికి డ్రెయిన్లకన్నా ముందు ఆ వాన ఇంకే చోటు కావాలి. పార్కులో గుంట తవ్వితే బుడమేరు ఆగదు, బుడమేరు వెడల్పు చేస్తే బెంజి సర్కిల్ సందుల్లో మోకాలి లోతు నీరు తగ్గదు. రాజకీయ నాయకులు ఈ మూడింటినీ కలిపి మాట్లాడేస్తారు, అక్కడే జనానికి తికమక.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. బెజవాడలో బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ ఉన్నాయి కదా, "ఇన్ని కాలువలు పెట్టుకుని ఊరు మునగడం ఏమిటండీ" అని నన్ను ఎంతమంది అడిగారో. అవి సాగు కాలువలు. సాగు కాలువ మెరక మీద నడుస్తుంది, లేకపోతే పొలాలకి నీరెలా దిగుతుంది? మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. అంటే ఆ మూడు కాలువలూ వాన నీటిని తీసుకెళ్ళేవి కావు, దానికి అడ్డంగా ఉన్న గట్లు. బుడమేరు ఏలూరు కాలువని దాటాలంటే ఎనికేపాడు దగ్గర కింద సొరంగంలోంచి దూరి వెళ్ళాలి. దానికి తోడు హైవే ఒక గట్టు, రైలు కట్ట ఒక గట్టు. డెల్టా నేలకి ఇంకో గుణం ఉంది, నది ఒడ్డు ఎత్తుగా ఉండి, నదికి దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. కాబట్టి ఊళ్ళో పడిన వాన పక్కనే ఉన్న కృష్ణలోకి పోవడానికి ఇష్టపడదు, బుడమేరు వైపుకే జారుతుంది. ఆ పల్లంలోనే మనం గత 40 ఏళ్ళలో ఊరిని పెంచాం.

ఇక లెక్క. ఇది ఇంట్లో పిల్లలతో కూడా వేయించొచ్చు. ఒక ఎకరం మీద 20 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 8 లక్షల లీటర్ల నీరు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160 పైనే. ఆ ఎకరం వరి పొలమైతే చుట్టూ జానెడు గట్టు ఉంటుంది, ఆ నీటిలో చాలా భాగం అక్కడే నిలిచి, బోదెలోకి మెల్లగా ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. ఆగస్టు చివర పొలంలో అప్పటికే నీళ్ళుంటాయి కాబట్టి మొత్తం ఆపుతుందని నేను అనను. కానీ అదే ఎకరం సిమెంటు రోడ్లు, డాబాలు, గచ్చు చేసిన వాకిళ్ళు అయితే నీరు రోజుల్లో కాదు, గంటల్లో డ్రెయిన్‌లో పడుతుంది. ఊరి డ్రెయిన్లు మామూలుగా రెండేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి వచ్చే వానకి లెక్కగట్టినవి, అదీ పూడిక, ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క లేకుండా ఉంటే.

ఇప్పుడు మెరక సంగతి. పల్లంలో ఒక ఎకరాన్ని నాలుగడుగులు ఎత్తు చేస్తే అంతకుముందు అక్కడ నిలవగల సుమారు 49 లక్షల లీటర్ల చోటు పోయినట్టు. వంద ఎకరాలు మెరక తోలితే 49 కోట్ల లీటర్లు. ఆ నీరు మాయమవదు కదా, పక్క కాలనీలోకి వెళ్తుంది. మీ వెంచర్ వాళ్ళు "నాలుగడుగులు ఎత్తాం" అని గొప్పగా చెబుతున్నారే, దానర్థం పక్క వాళ్ళని నాలుగడుగులు ముంచాం అని కాదుగానీ, ఆ దారిలోనే పోతున్నాం. పక్కన ఇంకొకడు ఆరడుగులు తోలితే అప్పుడు పల్లం మీదే. సింగ్ నగర్ చుట్టుపక్కల ఈ పోటీ నేను కళ్ళారా చూశాను. రోడ్డు ఎత్తు చేస్తారు, ఇళ్ళు కిందికి పోతాయి, ఇంటివాళ్ళు పడగొట్టి ఎత్తుగా కడతారు, మళ్ళీ రోడ్డు ఎత్తు చేస్తారు. పాత ఇళ్ళలో గుమ్మం ముందు పైకెక్కే మెట్ల బదులు కిందికి దిగే మెట్లు ఉన్నాయి, చూసే ఉంటారు.

నా సొంత అనుభవం ఒకటి, ఇది చెప్పుకోవడానికి గర్వంగా ఏమీ లేదు. 2000ల మొదట్లో ఊరికి ఉత్తరాన 12 ఎకరాల లేఔట్ ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఫీల్డ్‌కి వెళ్తే మధ్యలో పంట బోదె, అవతల ఉన్న చిన్న పేట నీరంతా దాంట్లోనే పోతుంది. ప్లాన్‌లో మాత్రం బోదె లేదు, దాని మీద 30 అడుగుల రోడ్డు గీశారు. అడిగితే "రోడ్డు కింద రెండడుగుల పైపు వేస్తామండీ" అన్నారు. నోట్ రాశాను, పైన ఒకాయన "పైపు ఉంది కదయ్యా" అన్నాడు, ఫైలు కదిలింది, దాని మీదున్న సంతకాల్లో నాదీ ఒకటి. మొదటి మూడేళ్ళు ఏమీ కాలేదు, ఎందుకంటే ప్లాట్లు ఖాళీగా ఉన్నాయి. ఇళ్ళు నిండాక ఏటా వానకి మునిగేది ఆ లేఔట్ కాదు, ఎగువన ఉన్న పేట. వాళ్ళు అర్జీలు పెట్టారు. వచ్చిన పరిష్కారం ఏమిటో తెలుసా, ఒక డీజిల్ మోటారు. తప్పు ఒకచోట, నీళ్ళు ఇంకోచోట, అందుకే ఎవరూ పట్టుబడరు.

గుంటూరు వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. ఊరి పేరులోనే గుంట ఉంది. సంగడిగుంట, కంకరగుంట, నల్లచెరువు, ఈ పేర్లు ఎవరో సరదాకి పెట్టినవి కావు, ఒకప్పుడు అక్కడ నీరు నిలిచేది. మూడు వంతెనల కింద వాన పడ్డ ప్రతిసారీ బళ్ళు ఆగిపోవడం చూసే ఉంటారు. నాలుగేళ్ళ క్రితం గుంటూరులో ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు సెల్లార్‌లోకి నీరు ఊరుతోంది, వాటర్‌ప్రూఫింగ్ ఏది మంచిదో చెప్పమని పిలిచారు. పక్కింటి బావిలోకి తొంగి చూస్తే నీళ్ళు ఐదడుగుల్లో ఉన్నాయి. సెల్లార్ అడుగు తొమ్మిది అడుగుల్లో ఉంది. ఇంక ఏ కెమికల్ పూస్తే మాత్రం ఏం లాభం? వానాకాలమంతా మోటారు ఆడించుకోవడమే, ఆ కరెంటు బిల్లు మెయింటెనెన్స్‌లో కలిపి కట్టుకోవడమే. చెరువు పూడ్చిన చోట సెల్లార్‌కి అనుమతి ఇవ్వకూడదు అన్న ఒక్క గీత ప్లాన్‌లో ఉంటే 40 కుటుంబాలకి ఆ బాధ ఉండేది కాదు.

సరే, మరి ఏం చేయాలి? నన్ను అడిగితే ముందు మ్యాపు. ఊరి మాస్టర్ ప్లాన్ గీసేటప్పుడు రోడ్ల కంటే ముందు నేల ఎత్తు పల్లాలు గీయాలి, దాని మీద 2024లో ఏ వీధిలో ఎంత లోతు నిలిచిందో గుర్తులు పెట్టాలి. ఇది కొత్త ఆలోచనేం కాదు. కేంద్ర జల సంఘం 1975లోనే వరద మైదానాల మీద ఒక నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకి పంపింది. అందులోని వరస నాకు చాలా నచ్చుతుంది: ఆస్పత్రులు, కరెంటు సబ్‌స్టేషన్లు, నీటి సరఫరా లాంటివి వందేళ్ళకోసారి వచ్చే వరద మట్టం కంటే పైన ఉండాలి, ఇళ్ళు, ఆఫీసులు పాతికేళ్ళ వరద మట్టం కంటే పైన ఉండాలి, ముంపు చోట కట్టక తప్పకపోతే స్తంభాల మీద కట్టాలి, పార్కులు, ఆట స్థలాలు మునిగినా ఫర్వాలేదు. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొన్ని రాష్ట్రాలే దాన్ని చట్టం దాకా తెచ్చాయి. ఎందుకో చెప్పక్కర్లేదు. గీత గీసిన మర్నాడే గీత లోపల ఎకరం రేటు పడిపోతుంది, ఆ రైతు ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటాడు.

రైతు బాధలోనూ న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. పక్క పొలం వాడు ఎకరం కోట్లకి అమ్ముకుంటుంటే ఊరి బాగు కోసం నువ్వు మాత్రం వరి పండించుకో అంటే ఎవరు వింటారు? నీళ్ళ కోసం వదిలిన నేలకి డబ్బో, ఇంకో చోట స్థలమో ఇవ్వకపోతే ఏ జోనింగ్ (ఏ నేల దేనికి వాడాలో ప్లాన్‌లో గీసే హద్దు) నిలవదు. దానికి మన దగ్గర పనిముట్లు ఉన్నాయి. టీడీఆర్ బాండ్లు, అంటే వదులుకున్న నేలకి బదులు ఇంకో చోట అదనంగా కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోనూవచ్చు, అవి రోడ్డు విస్తరణకి ఇస్తున్నాం, వాగు పక్క నేలకి ఎందుకు ఇవ్వకూడదు? బాండ్లలో అక్రమాలు జరిగాయని నాకూ తెలుసు, అయినా పద్ధతి తప్పు కాదు. ల్యాండ్ పూలింగ్ ఇంకా మంచిది, అందరి నేలా కలిపి పల్లం భాగాన్ని ఉమ్మడిగా చెరువుకి వదిలేసి మెరకలో అందరికీ ప్లాట్లు పంచొచ్చు. అమరావతిలో కొండవీటి వాగుకి రిజర్వాయర్లు ప్లాన్‌లో పెట్టగలిగారంటే నేలంతా ఒక చేతిలో ఉండబట్టే. అక్కడ కూడా వాగు నీటిని కృష్ణలోకి తోడటానికి ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కుల ఎత్తిపోతల కట్టాల్సి వచ్చిందని మర్చిపోకండి. నేల వదిలినంత మాత్రాన మోటార్లు అక్కర్లేదని కాదు.

ఖర్చు లేని పని కూడా ఒకటుంది. ప్రతి లేఔట్‌లో పదో వంతు పార్కుకి వదలాలి. అది ఎక్కడ వదులుతారు? అమ్ముడుపోని మూల, వంకర ముక్క, హైటెన్షన్ వైర్ల కింద. ఆ పదో వంతుని లేఔట్‌లో అన్నిటికన్నా పల్లమైన చోట, రోడ్డు కన్నా రెండు మూడడుగులు కిందికి వదలమంటే చాలు. పిల్లలు ఏడాదిలో 350 రోజులు ఆడుకుంటారు, మిగతా రోజులు నీళ్ళు ఆడుకుంటాయి. ఇప్పుడేమో పార్కుని కూడా మట్టి తోలి ఎత్తు చేసి చుట్టూ గోడ కడుతున్నారు, టైల్స్ వేస్తున్నారు!

ఒక జాగ్రత్త. ఇదంతా విని "అయితే సింగ్ నగర్ ఖాళీ చేయించాలి" అనేవాళ్ళు ఉంటారు. నేను ఒప్పుకోను. వాళ్ళు రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు, ఇంటి పన్ను కట్టారు, చాలా మందికి ప్రభుత్వమే పట్టాలిచ్చి అక్కడ కూర్చోబెట్టింది. వాగు గర్భంలో, గట్టు మీద ఉన్న కొన్ని ఇళ్ళకి వేరే చోటు చూపించక తప్పదు, అదీ ఆటోనగర్‌కో కూరల మార్కెట్‌కో పనికి వెళ్ళి రాగలిగే దూరంలో. మిగతా ఊరికి డైవర్షన్ ఛానల్ పెంచడం, గట్లు గట్టి చేయడం, కింది అంతస్తు ఖాళీగా వదిలి కట్టుకోవడం, ఇదే దారి. జోనింగ్ పాత తప్పుని దిద్దలేదు, ఇంకా కట్టని చోట కొత్త తప్పుని ఆపుతుంది. అందుకే నున్న, జక్కంపూడి, ఎనికేపాడు అవతల ఇంకా మిగిలిన పొలాల మీద ఇంత గొడవ పెడుతున్నాను.

దిగువ గురించి కూడా ఒక్క మాట. బుడమేరుని ఊళ్ళో ఎంత వెడల్పు చేసినా అది చేరేది కొల్లేరు. కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. మధ్యలో చేపల చెరువుల గట్లు పెరిగితే నీరు కొల్లేటి దగ్గర నిలబడి వెనక్కి తంతుంది. ఊళ్ళో నీటిని తొందరగా పంపేస్తే కింద ఊళ్ళు మునుగుతాయి. కాబట్టి ఎగువన ఎంత ఆపగలిగితే అంత మంచిది.

ఇక మీ ప్లాటు. ముందు గ్రామ మ్యాపు, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) తీయించండి. సర్వేయర్‌కి ఇచ్చే ఫీజుకి వెనకాడకండి, 30 లక్షల ప్లాటుకి అది టీ ఖర్చు. మీ సర్వే నంబరు పక్కన వాగు పోరంబోకు, డొంక, కుంట అని ఉందేమో చూడండి. ఉంటే 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో కూడా చూడండి. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పున్న వాగు, కాలువ హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్నదైతే 2 మీటర్లు, 10 హెక్టార్లు దాటిన చెరువైతే పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు. ఇది చట్టం అడిగే కనీసం. బుడమేరు పక్కన 9 మీటర్లు అంటే 30 అడుగులు, 2024లో ఆ నీరు కిలోమీటర్లు పరుచుకుంది. కాబట్టి "రూల్ ప్రకారం వదిలాం" అనే మాటకి ధైర్యపడకండి.

వెంచర్ వాళ్ళని మెరక ఎంత తోలారు అని అడగకండి. నీరు బయటికి ఎటు పోతుంది, ఏ కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఎవరిది అని అడగండి. చేత్తో చూపించలేకపోతే అక్కడే ఆపేయండి. చూపిస్తే ఆ డ్రెయిన్ వెంబడి బండి మీద చివరిదాకా వెళ్ళండి. సగంలో ఎవరో కాంపౌండ్ వాల్ కట్టేసి ఉంటారు, నేను చూసినవాటిలో సగానికి పైగా అంతే.

తర్వాత ఆ వెంచర్ పక్కన పాత ఇళ్ళున్న చోట ఆగండి. బ్రోకర్ లేకుండా వెళ్ళండి. 2024 నీటి మరక చాలా గోడల మీద ఇంకా ఉంది, సున్నం వేసినా లోపల కరెంటు మీటరు పక్కన కనిపిస్తుంది. నీరు ఎటు నుంచి వచ్చింది, ఎన్ని రోజులు నిలిచింది అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. ఒక రోజు నిలిచి దిగిపోయిన చోట స్టిల్ట్ మీద, అంటే స్తంభాల మీద ఇల్లు కట్టుకుని బతకొచ్చు, వారం నిలిచిన చోట నేనైతే సగం రేటుకిచ్చినా కొనను. ఆ మరక ఎత్తు టేపుతో కొలిచి, సర్వే నంబరుతో పాటు ఇక్కడ రాయండి. మీ ప్లాటు లెవెల్‌తో పోల్చి చూసి చెబుతాను. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.